తరగతి గదిలోకి వీడియో ఆటలు: ఎంపికకు ముందు పరిశీలించవలసిన అంశాలు

మన దేశంలోని పాఠశాలలకు కంప్యూటరు చేరి నాలుగు దశాబ్దాలు గడిచాయి. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పేరిట కంప్యూటరు అక్షరాస్యతా పథకాన్ని ప్రారంభించి, ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను సమకూర్చింది. 2004లో పాఠశాలల కోసం సమాచార, ప్రసార సాంకేతిక పథకం అమలులోకి వచ్చింది. 2017 ఉపాధ్యాయ దినోత్సవం నాడు 'దీక్ష' వేదిక ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ జరిగింది. కేంద్ర విద్యా మంత్రిత్వశాఖ వెలువరించిన 2024-25 యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం దేశంలోని పాఠశాలలలో 64.7 శాతం కంప్యూటరు సదుపాయాన్ని, 63.5 శాతం ఇంటర్నెట్ సదుపాయాన్ని కలిగి ఉన్నాయి.

పరికరం ఉన్నదా లేదా అన్న ప్రశ్న క్రమంగా వెనుకకు జరిగి, ఆ పరికరంలో ఏమి నడుస్తున్నదన్న ప్రశ్న ముందుకు వచ్చింది. జాతీయ విద్యా విధానం-2020 కూడా వినోదంతో కూడిన అభ్యసనానికి, భారతీయ కళలు, సంస్కృతి ఆధారంగా ఆటల రూపకల్పనకు చోటు కల్పించింది. ఫలితంగా విద్యాశాఖాధికారుల బల్లల మీదకు యాప్‌లు, వీడియో ఆటలు, యానిమేషన్ పాఠాల ప్రతిపాదనలు పెద్ద సంఖ్యలో వస్తున్నాయి. వీటిలో దేనిని స్వీకరించాలి, దేనిని తిరస్కరించాలి అన్నది ప్రజాధనానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. విద్యార్థి తరగతిలో గడిపే గంటలు పరిమితం. అవి ఒకసారి వృథా అయితే మరుసటి బడ్జెటులో తిరిగి మంజూరయ్యేవి కావు.

గుజరాత్ అనుభవం

ఈ విషయంలో తరచుగా ఉదహరింపబడే అధ్యయనాలు రెండు గుజరాత్ నుండి వచ్చినవే కావడం గమనార్హం. వదోదర పురపాలక పాఠశాలలకు 2000 సంవత్సరంలో కంప్యూటర్లు అందినా, ప్రాథమిక తరగతుల పిల్లలు వాటిని ఉపయోగించిన సందర్భాలు చాలా తక్కువ. ప్రథమ్ సంస్థ సహకారంతో అక్కడ 4వ తరగతి విద్యార్థులకు వారానికి రెండు గంటలపాటు, ఒక్కొక్క యంత్రం ముందు ఇద్దరు చొప్పున, గణిత సమస్యలతో కూడిన ఆటలు ఆడే అవకాశం కల్పించారు. రెండు గంటలలో ఒకటి తరగతి సమయంలోనూ, మరొకటి బడికి ముందు లేదా తరువాత వెంటనేనూ ఉండేది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం గణితంలో 0.47 ప్రామాణిక విచలనం మేరకు అభివృద్ధి కనిపించింది. సామాన్య భాషలో చెప్పాలంటే, వంద మందిలో సరిగ్గా మధ్యన నిలిచే విద్యార్థి సుమారు 68వ స్థానానికి ఎగబాకినట్లు లెక్క. అయితే కార్యక్రమం ముగిసిన తరువాత ఈ లాభంలో ఎక్కువ భాగం కరిగిపోయిందని కూడా అదే అధ్యయనం పేర్కొన్నది. పత్రికలలో మొదటి సంగతికి లభించినంత స్థలం రెండవదానికి లభించలేదు.

రెండవ అధ్యయనం అంతకంటె ముఖ్యమైనది. అదే రాష్ట్రంలో ఒక స్వచ్ఛంద సంస్థ పాఠశాలలలో గణిత సాఫ్ట్‌వేరును రెండు విధాలుగా ప్రయోగించగా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్త 2008లో ఆ ఫలితాలను వెల్లడించారు. బడి వేళకు వెలుపల అదనంగా ఆడించినప్పుడు పిల్లలు 0.28 ప్రామాణిక విచలనం మేరకు లాభపడ్డారు. బడి వేళలో, ఉపాధ్యాయుని బోధనా సమయాన్ని తగ్గించి ఆడించినప్పుడు మాత్రం 0.57 మేరకు నష్టపోయారు. అంటే, మధ్యన ఉండవలసిన విద్యార్థి కింది నుండి 28వ స్థానం దగ్గరకు జారిపోయాడు. రెండు సందర్భాలలోనూ సాఫ్ట్‌వేరు ఉద్దేశం ఒక్కటే, తరగతిలో నేర్చినదానిని బలపరచడం. మారినది దానికి కేటాయించిన సమయం, అది తొలగించిన పని. ఆ పాఠశాలలలో బోధన అప్పటికే మెరుగ్గా ఉండేది కనుక, దానిని పక్కకు జరపడం వలన నష్టం వాటిల్లింది.

ఏ వనరునైనా పరిశీలించే బృందం 'ఇది మంచిదేనా' అని అడగడానికి ముందు 'ఇది దేని స్థానంలోకి వస్తున్నది' అని అడగవలసిన అవసరాన్ని ఈ రెండు ఫలితాలు పక్కపక్కన నిలబడి చెబుతున్నాయి. ఉపాధ్యాయుల ఖాళీలు ఉన్న బడిలో ఖాళీగా గడిచే పీరియడును నింపే ఆట, అనుభవజ్ఞుడైన గణితోపాధ్యాయుని పీరియడును ఆక్రమించే ఆట ఒకటే అయినా, వాటి విలువ ఒకటి కాదు. విక్రేతలు సమర్పించే ప్రతిపాదనలలో ఈ వివరం సాధారణంగా కనిపించదు. కనుక దానిని రాబట్టవలసిన బాధ్యత అధికారులపైననే ఉన్నది.

ఇదే కోవలో 2019లో ప్రచురితమైన ఢిల్లీ అధ్యయనం కూడా పేర్కొనదగినది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ బృందం పరిశీలించిన 'మైండ్‌స్పార్క్' కార్యక్రమం బడి అనంతరం నడిచే కేంద్రాలలో అమలైంది. విద్యార్థి ఏ తరగతిలో చేరాడన్నది కాక, ఏ స్థాయిలో ఉన్నాడన్నది గుర్తించి అక్కడి నుండి అభ్యాసాలనివ్వడం దాని ప్రత్యేకత. నాలుగున్నర నెలలలో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనం మేరకు లాభం నమోదైంది. ఈ మూడింటికి భిన్నంగా పెరూ దేశం 'పిల్లవానికొక ల్యాప్‌టాప్' పథకం కింద యంత్రాలను విస్తారంగా పంచిపెట్టగా, 2012లో వెలువడిన మూల్యాంకనంలో గణితంలో గాని, భాషలో గాని చెప్పుకోదగిన మార్పు కనబడలేదు.

వైకుంఠపాళి చెప్పే పాఠం

ఆటలో నేర్చుకొనే విషయం ఎక్కడ ఇమిడి ఉన్నదన్నది రెండవ ముఖ్యాంశం. దీనికి కంప్యూటరు వరకు పోనవసరం లేదు. తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఆడుతున్న వైకుంఠపాళినే పరిశీలించవచ్చును. గుడ్డ మీదనో, అట్ట మీదనో గీసిన పటంపై పిల్లవాడు పందెం వేసి, పడిన సంఖ్య మేరకు వేలితో ఒక్కొక్క గడినీ తాకుతూ కాయను జరుపుతాడు. ఆ జరపడంలోనే లెక్కింపు ఉన్నది. ఇదే ఆటను ఫోనులోకి మార్చినప్పుడు తెర మీద పాచికను తాకగానే కాయ తనంతట తానే నిచ్చెన ఎక్కుతుంది, పాము నోట పడుతుంది. బొమ్మలు అందంగా ఉంటాయి, సంగీతం వినిపిస్తుంది. పిల్లవాడు మాత్రం ఒక్క అంకె కూడా లెక్కించడు. ఆట మిగిలింది, పాఠం జారిపోయింది.

ఇది కేవలం ఊహ కాదు. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, వరుసగా అంకెలు వేసిన పటంపై నాలుగైదు సంవత్సరాల పిల్లలు కొద్ది రోజులు ఆడినప్పుడు వారి సంఖ్యా జ్ఞానం మెరుగుపడింది. అంకెల స్థానంలో రంగులు మాత్రమే ఉన్న పటంపై ఆడిన పిల్లలలో ఆ ప్రయోజనం కనబడలేదు. 2014లో ఎలిడా లాస్కీతో కలిసి సీగ్లర్ జరిపిన పరిశీలన మరొక మెట్టు ముందుకు వెళ్లింది. 25వ గడిలో ఉన్న పిల్లవాడు రెండు పడినప్పుడు '26, 27' అంటూ కాయను జరిపితే ప్రయోజనం ఉన్నది. 'ఒకటి, రెండు' అంటూ జరిపితే అంత ప్రయోజనం లేదు. పటం అదే, పాచిక అదే. పిల్లవాని నోట పలికిన మాటలలోనే తేడా ఉన్నది. పరిశీలకుడు తెర వంక కాక పిల్లవాని వంక చూడవలసిన అవసరం ఇటువంటి చోట బోధపడుతుంది.

విపణిలో లభించే గణిత ఆటలలో అనేకం మందుబిళ్లకు బెల్లం పూసిన పద్ధతిలో తయారైనవే. పది లెక్కలు చేస్తే ఒక నిమిషం కారు నడపవచ్చును, తప్పు చేస్తే కారు ఆగిపోతుంది. ఇక్కడ కారుకు, లెక్కకు సంబంధం లేదు. లెక్క కేవలం టోల్‌గేటు. ఇంగ్లాండులో జేకబ్ హ్యాబ్‌గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ ఈ తేడాను పరీక్షించడానికే ఒక ఆటను రెండు రూపాలలో తయారుచేశారు. మొదటి రూపంలో ఎదురుగా వచ్చే అస్థిపంజరంపై ఉన్న సంఖ్యను నిశ్శేషంగా భాగించే ఆయుధాన్ని ఎంచుకొంటేనే అది ఓడిపోతుంది. రెండవ రూపంలో పోరాటం వేరుగా, భాగహారం ప్రశ్నలు వేరుగా ఉంటాయి. మొదటి రూపంలో ఆడిన పిల్లలు ఎక్కువ నేర్చుకొన్నారు. రెండింటినీ ఎదుట పెట్టి ఇష్టమైనది ఆడుకొమ్మన్నప్పుడు మొదటిదానిపై సుమారు ఏడు రెట్లు ఎక్కువ సమయం గడిపారు. ఈ ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి.

ఆటలో పెంపొందిన నైపుణ్యం పాఠ్యపుస్తకంలోకి దానంతట అదే ప్రవహిస్తుందని భావించడం కూడా సరికాదు. ఢిల్లీలో ప్రథమ్ నిర్వహించిన 214 పూర్వ ప్రాథమిక కేంద్రాలలో 1,540 మంది పిల్లలతో సంఖ్యలు, ఆకారాలకు సంబంధించిన ఆటలు ఆడించగా, పరిమాణాలను పోల్చే సహజ శక్తి వారిలో పెరిగి, ఏడాదికి పైగా నిలిచింది. కాని వారు 1వ తరగతిలో చేరిన తరువాత అంకెలు, గుర్తులతో కూడిన బడి గణితంలో ఆధిక్యం కనబడలేదని 2017లో 'సైన్స్' పత్రికలో వెలువడిన వ్యాసం తెలిపింది. ఆట నుండి పలకకు వంతెన వేయవలసినది ఉపాధ్యాయుడే. కనుక ఆటతోపాటు ఉపాధ్యాయునికి మార్గదర్శక పత్రం, ఆట ముగిసిన తరువాత చర్చించవలసిన ప్రశ్నలు అందుతున్నాయా లేదా అన్నది మూల్యాంకనంలో ప్రధాన అంశం కావాలి. ఆచరణలో ఇది తరచుగా అనుబంధాల జాబితాలో అట్టడుగున ఉంటున్నది.

సాంఘికశాస్త్రానికి సంబంధించిన ఆటలలో జాగ్రత్త మరొక రకమైనది. 1971లో అమెరికాలోని మినెసోటాలో ముగ్గురు విద్యార్థి-ఉపాధ్యాయులు రూపొందించిన 'ఆరెగన్ ట్రయల్' పాఠశాల వీడియో ఆటలకు ఆద్యమైనదిగా పేరొందింది. పడమటి దిశగా బండ్లపై తరలిన వలస కుటుంబాల కష్టాలను అది కళ్లకు కట్టింది. అదే సమయంలో, ఆ భూములలో అప్పటికే నివసిస్తున్న ఆదివాసుల దృష్టి నుండి కథ చెప్పలేదన్న విమర్శను ఎదుర్కొన్నది. 1989 నాటి 'సిమ్ సిటీ' నగర నిర్మాణ ఆటలో పన్నులు, జనాభా, నేరాల మధ్య కనిపించే సంబంధాలు జే ఫారెస్టర్ 1969లో ప్రతిపాదించిన నగర గతిశాస్త్ర నమూనా ప్రభావంతో ఏర్పడినవి. ఆట నియమాలు కూడా ఒక అభిప్రాయమే. పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని కమిటీ చదివి సరిదిద్దగలదు. ఆటలో ఇమిడిన అభిప్రాయం మాత్రం పలుమార్లు ఆడితే తప్ప బయటపడదు.

తెలుగు తెర మీద

తెలుగు మాధ్యమంలోనూ, ద్విభాషా పాఠ్యపుస్తకాలతోనూ బోధన జరుగుతున్న తరగతులకు వనరును ఎంపిక చేసేటప్పుడు 'తెలుగులో లభ్యం' అన్న ఒక్క మాటతో తృప్తి చెందరాదు. ఒత్తులు అక్షరం కింద సరిగా కూర్చుంటున్నాయా, పాత ఆండ్రాయిడ్ ట్యాబులో గుణింతాలు విడిపోతున్నాయా, చిన్న తెరపై వట్రసుడి కనబడుతున్నదా అన్నవి ప్రాథమిక తరగతులకు అలంకార విషయాలు కావు. అక్షరాలు అప్పుడే నేర్చుకొంటున్న పిల్లవానికి తెర మీద కనబడిన రూపమే ప్రమాణం. పరిభాష కూడా పరిశీలించదగినదే. పుస్తకంలో 'భిన్నం', 'లవం', 'హారం' అని ఉండగా ఆటలో యంత్రానువాదం ద్వారా వేరొక పదం వచ్చినట్లయితే, పిల్లవాడు రెండింటినీ వేర్వేరు విషయాలుగా గ్రహించే ప్రమాదం ఉన్నది. కంఠస్వరం ఉన్న వనరులలో ఒక ప్రాంతపు యాస మాత్రమే 'సరైనది'గా, మరొకటి హాస్యానికి వాడుకొన్నదిగా ఉంటే దానిని నమోదు చేయవలసి ఉంటుంది. ఆదిలాబాదు, అల్లూరి సీతారామరాజు జిల్లాల గిరిజన ఆవాసాలలో తెలుగు కూడా పిల్లలకు రెండవ భాషేనన్న వాస్తవాన్ని విస్మరించరాదు.

ఉచితంగా, స్వేచ్ఛా లైసెన్సుతో లభించే వనరులకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉన్నది. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో ప్రారంభించిన 'ఫెట్' ప్రయోగ నమూనాలు తెలుగుతో సహా అనేక భాషలలో లభిస్తున్నాయి. 2000 నుండి వృద్ధి చెందుతున్న 'జీకాంప్రి' ఆటల సంపుటి, గణితానికి 'జియోజీబ్రా' కూడా ఈ కోవకు చెందినవే. కేరళ రాష్ట్రం 'కైట్' సంస్థ ద్వారా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును పాఠశాలలన్నింటికీ చేర్చి, ప్రాథమిక తరగతుల కోసం 'కళిప్పెట్టి' పేరిట పుస్తకాలను తెచ్చింది. దోషం కనబడినప్పుడు విక్రేత అనుమతి కోసం వేచి ఉండకుండా స్థానికంగా సరిదిద్దుకొనే వీలు ఇటువంటి వనరులలోనే ఉంటుంది. అయితే ఉచితమన్నంత మాత్రాన శిక్షణ, నిర్వహణ ఖర్చులు లేకపోవు.

పిల్లల సమాచారం, ప్రకటనలు

ఉచితంగా లభించే మరికొన్ని యాప్‌ల వ్యవహారం వేరు. ఆట మధ్యలో ప్రకటన, తదుపరి మెట్టుకు రుసుము, చేరడానికి తండ్రి ఫోను నంబరు అడిగే వనరు తరగతి గదికి తగినది కాదు. కరోనా కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన 163 విద్యా ఉత్పత్తులను పరిశీలించగా, వాటిలో 89 శాతం పిల్లలపై నిఘా ఉంచగలిగే రీతిలో ఉన్నట్లు తేలిందని 2023 యునెస్కో ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక ఉటంకించింది. ఇవి ప్రభుత్వాలు సిఫారసు చేసినవి అన్న సంగతి ఎంపిక కమిటీలు గుర్తుంచుకొనదగినది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 సంవత్సరాల లోపువారిని బాలలుగా పరిగణిస్తూ, వారి సమాచార సేకరణకు తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతిని ఆవశ్యకం చేసింది. బాలలను ఉద్దేశించిన లక్షిత ప్రకటనలను నిషేధించింది. దీని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. విద్యాసంస్థలకు కొన్ని ప్రయోజనాల నిమిత్తం మినహాయింపులున్నా, అవి ప్రైవేటు విక్రేతకు దఖలుపడినట్లు భావించరాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెంతో కూడిన ఆటలను నిషేధించింది. పిల్లల ఆన్‌లైన్ ఆటల విషయంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు పాటించవలసిన జాగ్రత్తలపై కేంద్ర విద్యా మంత్రిత్వశాఖ 2021 డిసెంబరులోనే సూచనలు జారీ చేసింది.

ఒప్పందం ముగిసిన మరునాడు

సాంకేతిక వనరుకు ఆయుర్దాయం ఉంటుంది. అడోబీ సంస్థ ఫ్లాష్ ప్లేయరుకు 2020 డిసెంబరు 31తో మద్దతు నిలిపివేయగా, 2021 జనవరి 12 నుండి ఆ రూపంలోని అంశాలు నడవకుండా నిలిచిపోయాయి. రెండు దశాబ్దాలపాటు ప్రపంచవ్యాప్తంగా తయారైన విద్యా యానిమేషన్లలో అధిక భాగం ఆ రూపంలో ఉన్నవే. ముందుచూపుతో హెచ్‌టీఎంఎల్-5 రూపానికి మారినవి మిగిలాయి. మిగిలినవాటిలో చాలావరకు సీడీలలో, సర్వర్లలో మూగబోయాయి. కంపెనీ మూతబడినా, చేతులు మారినా, లైసెన్సు గడువు ముగిసినా పాఠశాలకు ఏమి మిగులుతుందన్నది కొనుగోలు పత్రంలోనే స్పష్టం కావాలి. ఇంటర్నెట్ లేకుండా నడిచే ప్రతి, విద్యార్థుల ప్రగతి వివరాలను సామాన్య రూపంలో తిరిగి పొందే హక్కు, వాటిని విక్రేత వద్ద తొలగించే నిబంధన అన్నవి టెండరు పత్రంలో చేర్చదగినవి.

ప్రయోగాత్మక పరిశీలన

కొనుగోలుకు ముందు పోల్చి చూడడానికి దేశీయంగానే ఒక ప్రమాణం అందుబాటులోకి వచ్చింది. ఐఐటీ బొంబాయి, సెంట్రల్ స్క్వేర్ ఫౌండేషన్ రూపొందించిన 'తులన' విషయ నాణ్యత, బోధనా పద్ధతితో పొందిక, సాంకేతికత-రూపకల్పన అన్న మూడు కోణాల నుండి విద్యా ఉత్పత్తులను పరిశీలిస్తుంది. బల్ల మీది పరిశీలనకు ఇది ఉపకరిస్తుంది. తరగతి గదిలో జరిగేది చూడడానికి మాత్రం తరగతి గదికే వెళ్లవలసి ఉంటుంది.

ప్రయోగానికి జిల్లా కేంద్రంలోని మంచి వసతులున్న పాఠశాలను ఎంచుకోవడం అలవాటుగా వస్తున్నది. అక్కడ విజయవంతమైనది మారుమూల ఏకోపాధ్యాయ పాఠశాలలో నడవకపోవచ్చును. రెండు రకాల బడులనూ చేర్చి, ఆట ఆడిన తరగతితోపాటు ఆడని తరగతిని కూడా పోల్చడం, రెండింటికీ కాగితం-పెన్సిలుతో ముందు, తరువాత పరీక్ష నిర్వహించడం కనీస అవసరం. ఆటలోనే కనిపించే మార్కులను ఫలితంగా స్వీకరించరాదు. ఆటలో ఆరితేరిన పిల్లవాడు ఆటలో మార్కులు తెచ్చుకోవడం సహజమే.

కాలాన్ని కూడా గడియారం పెట్టి కొలవవలసి ఉంటుంది. 40 నిమిషాల పీరియడులో యంత్రాలు తెరవడానికి, లాగిన్ కావడానికి, మరచిన పాస్‌వర్డు వెదకడానికి 10 నిమిషాలు పోయాయనుకొంటే, వారానికి రెండు పీరియడుల చొప్పున 36 వారాలలో 720 నిమిషాలు, అనగా 18 పూర్తి పీరియడులు పోయినట్లు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒక ట్యాబును పంచుకొనే చోట ఎవరి వేలు తెరపై ఉన్నది, ఎవరు ప్రేక్షకులుగా మిగిలారు, బాలికల వంతు వస్తున్నదా అన్నది పరిశీలకుడు వెనుక వరుసలో కూర్చుని రాసుకొనదగినది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడాపైననే సమాధానం ఆధారపడిన ఆట, ఆ తేడా గుర్తించలేని పిల్లలకు అన్యాయం చేస్తుంది. దివ్యాంగ బాలల ఈ-కంటెంట్‌పై 2021లో కేంద్ర విద్యా మంత్రిత్వశాఖ వెలువరించిన మార్గదర్శకాలు ఇటువంటి అంశాలను వివరంగా చర్చించాయి.

ప్రయోగ కాలంలో తిరస్కరించిన వనరుల వివరాలను కూడా కారణాలతో సహా భద్రపరచడం అవసరం. ఒక జిల్లాలో పనికిరాదని తేలిన ఆట కొత్త పేరుతో, కొత్త ముఖచిత్రంతో మరుసటి సంవత్సరం మరొక జిల్లాకు చేరకుండా ఆ దస్త్రమే అడ్డుకొనగలదు. విలేకరులు ఇటువంటి పథకాలపై వార్తలు రాసేటప్పుడు ఎంతమంది యాప్‌ను దిగుమతి చేసుకొన్నారన్న సంఖ్యతోపాటు, పోల్చి చూసిన తరగతి ఏది, పరీక్ష ఎవరు నిర్వహించారు, పీరియడు ఎవరి నుండి తీసుకొన్నారు అన్న మూడు వివరాలను సంబంధిత అధికారుల నుండి కోరవచ్చును.